కుక్కను ఇచ్చేముందు దాని భయాలు కూడా చెప్పండి

బెంగళూరులో కుక్కల్ని కాపాడి ఇళ్లకు చేరుస్తున్న రెస్క్యూ, అడాప్షన్ గ్రూపుల మిత్రులకు బహిరంగ లేఖ

మిత్రులకు నమస్కారం.

మురుక్కాలవల్లో, కడుతున్న బిల్డింగుల సెల్లార్లలో, ఫ్లైఓవర్ల కింద పడి ఉన్న కుక్కల్ని ఎత్తుకొచ్చి, జేబులో డబ్బు పెట్టి వైద్యం చేయించి, వాటికి ఇళ్లు వెతుకుతున్న మీ అందరికీ రాస్తున్న ఉత్తరమిది. మీలో కొందరు నాకు ముఖపరిచయం. ఇంకొందరి గొంతులు మాత్రమే తెలుసు, అదీ అర్ధరాత్రి వాట్సాప్ వాయిస్ మెసేజుల్లో. మా ఇంట్లో ఉన్న రెండు కుక్కలూ మీలాంటివాళ్ల చేతుల మీదుగా వచ్చినవే. మీరు లేకపోతే అవి ఈపాటికి బతికి ఉండేవి కావు. ఆ కృతజ్ఞత మనసులో పెట్టుకునే, అడగాల్సింది గట్టిగా అడుగుతున్నాను.

అడిగేది ఒక్కటే. కుక్కను ఇచ్చేటప్పుడు దానికి ఏయే టీకాలు వేయించారో ఎంత కచ్చితంగా చెబుతారో, అది దేనికి భయపడుతుందో కూడా అంతే కచ్చితంగా చెప్పండి. ఆ భయాన్ని భరించగలిగే ఇంటికే ఇవ్వండి. అలాంటి ఇల్లు ఇవాళ దొరక్కపోతే ఆగండి.

మీ పోస్టులు రోజూ చూస్తుంటాను. దాదాపు అన్నిట్లోనూ అవే మాటలు: చాలా ఫ్రెండ్లీ, పిల్లలతో బాగా కలిసిపోతుంది, అపార్ట్‌మెంట్‌కి చక్కగా సరిపోతుంది. పైన ఉన్న ఫొటోలో ఆ కుక్క చెవులు తలకు అంటుకుపోయి ఉంటాయి, నోరు బిగుసుకుని ఉంటుంది, కంటి తెల్లగుడ్డు ఓ పక్కకు నెలవంకలా కనిపిస్తూ ఉంటుంది. కుక్కల్ని కొన్నాళ్లు దగ్గరగా చూసినవాళ్లెవరికైనా ఆ ఫొటో ఒకటి చెబుతుంది, కింద రాసిన మాటలు ఇంకొకటి చెబుతాయి. అడాప్షన్ క్యాంపుల్లోనూ ఇదే వరస. కంచె లోపల ఒక మూల కుక్క కదలకుండా కూర్చుని ఉంటుంది. పిల్లలు ఒకరి తరవాత ఒకరు వచ్చి తల నిమురుతుంటారు. చూసినవాళ్లంతా ‘ఎంత బుద్ధిమంతురాలో’ అంటారు. నిజానికి అది భయంతో గడ్డకట్టుకుపోయి ఉంటుంది. పారిపోవడానికి దారి లేనప్పుడు, ఎదిరించే ధైర్యం లేనప్పుడు కుక్క చేసేది అదే: కదలడం మానేస్తుంది. రెండు మూడు వారాల తరవాత కొత్త ఇంట్లో కాస్త కుదురుకున్నాక అది మొరగడం, గుర్రుమనడం, దాక్కోవడం మొదలుపెడుతుంది. ‘క్యాంపులో ఇలా లేదే, మా ఇంటికొచ్చాకే పాడైపోయింది’ అని ఆ ఇంటివాళ్లు అనుకుంటారు. పాపం, వాళ్లకేం తెలుస్తుంది? తెలియాల్సింది మీకు.

మా జొన్న అలాగే వచ్చింది. జొన్నగింజ రంగు, ఇండీ (మన దేశవాళీ) ఆడకుక్క. ‘చాలా కామ్, అపార్ట్‌మెంట్‌కి అలవాటే’ అని చెప్పి ఇచ్చారు. పసిపిల్లగా ఉన్నప్పటి నుంచీ ఊరి బయట రేకుల షెడ్డులోనే పెరిగిందని, మెట్లు గానీ లిఫ్టు గానీ టీవీ గానీ ఎన్నడూ చూడలేదని ఆ తరవాత వేరేవాళ్ల ద్వారా తెలిసింది. మాది ఏడో అంతస్తు. లిఫ్టు తలుపు తెరుచుకోబోయే ముందు టింగుమంటుంది చూడండి, ఆ చప్పుడు వినగానే నాలుగు కాళ్లూ నాలుగు వైపులకు చాపేసి నేలకు అతుక్కుపోయేది. తోక పొట్ట కిందికి దూరిపోయేది. ఆవులింత మీద ఆవులింత తీసేది, పెదాలు నాక్కుంటూ ఉండేది. నిద్ర వస్తోందనుకునేవారు పక్కింటివాళ్లు. అవి రెండూ భయానికి గుర్తులు. దాన్ని ఎత్తుకుని వెనక్కి తీసుకెళ్తే, అది నిలబడిన చోట గ్రానైటు మీద తడిగా నాలుగు పాదాల గుర్తులు ఉండేవి. భయం వేస్తే కుక్కలకు అరికాళ్లలో చెమట పడుతుంది. ఆ తడి గుర్తులు చూశాక దాన్ని గొలుసు పట్టి లాగాలన్న ఆలోచన మాకెవరికీ రాలేదు.

మొదట లిఫ్టు కనిపించే మలుపు దాకా వెళ్లి, ఉడికించిన చికెన్ ముక్క పెట్టి, వెనక్కి వచ్చేసేవాళ్లం. అది అలవాటయ్యాక మూసి ఉన్న తలుపు పక్కన. తరవాత తలుపు తెరుచుకుని మూసుకుంటుంటే దూరం నుంచి చూస్తూ. ఆ తరవాత ముందుకాళ్లు రెండూ లోపల, వెనక్కాళ్లు బయట. అంతదాకా కిందికీ పైకీ మెట్లే. నెలలు పట్టింది. ఇప్పుడు తనంతట తనే ఎక్కుతుంది. లోపల హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి ఉంటే మాత్రం ఇప్పటికీ ‘మీరు వెళ్లండి తమ్ముడూ’ అని తరవాతి లిఫ్టు కోసం ఆగుతాం.

ఇక్కడ మీరు గమనించాల్సిన సంగతి ఒకటుంది. జొన్న సంగతి ముందే చెప్పి ఉన్నా మేం వద్దనేవాళ్లం కాదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే మా బావగారింట్లో కొన్నాళ్లు ఉంచి, మెల్లగా తెచ్చుకునేవాళ్లం. దానికి అన్ని రోజుల హింస తప్పేది. నిజం చెబితే ఎవరూ తీసుకోరని మీరు భయపడుతున్నారు. వెనక్కి తగ్గేవాళ్లు కొందరు ఉంటారు, నిజమే. కానీ వాళ్లు మూడు వారాల తరవాత తగ్గే బదులు ముందే తగ్గడం ఆ కుక్కకు ఎంత మేలో ఆలోచించండి.

ఇక బొగ్గు. నల్లగా, ఛాతీ మీద చిన్న తెల్లమచ్చతో ఉంటాడు. మనుషులంటే ప్రాణం. ఇంట్లో ఎవరూ లేకపోతే మాత్రం వాడికి ఊపిరాడదు. తలుపు చట్రం కొరికేశాడు, గోళ్లు విరిగి నెత్తురొచ్చేలా గీరాడు. మేం బయటికెళ్లి ఫోన్‌లో కెమెరా పెట్టి చూస్తే, చొంగ కార్చుకుంటూ తలుపుకీ బాల్కనీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. ‘వదిలేసి వెళ్లారని కక్ష తీర్చుకుంటున్నాడు’ అన్నారు కొందరు. అది కక్ష కాదు, ఒంటరిగా ఉండలేని భయం. వాడి టీకాల పుస్తకం మొదటి పేజీలో ‘బ్రూనో’ అని రాసి, ఆ పేరు కొట్టేసి, మరో పేరు రాసి ఉంది. ఇచ్చినవాళ్లను అడిగితే అప్పుడు చెప్పారు, ఇంతకు ముందు ఇల్లు చేరి వెనక్కి వచ్చాడని, కారణం రోజంతా ఏడుపేనని. మా ఇంట్లో ఒకరు ఇంటి నుంచే పనిచేస్తారు కాబట్టి బొగ్గు నిలబడ్డాడు. ఇద్దరూ ఉదయం ఎనిమిదికి వైట్‌ఫీల్డ్ బస్సెక్కే ఇంటికి వెళ్లి ఉంటే వాడి పుస్తకంలో ఇంకో పేరు కూడా కొట్టేసి ఉండేవాళ్లు.

ఒంటరితనానికి మందేమిటంటే ఇంకో కుక్కను తెచ్చుకోమని మీలో చాలామంది సలహా ఇస్తారు. దయచేసి అలా చెప్పకండి. ఆ భయం ఎక్కువగా మనిషి వెళ్లిపోవడం గురించి. పక్కన ఇంకో కుక్క ఉన్నంత మాత్రాన పోదు. పైగా ఒకటి వణికితే రెండోది కూడా వణకడం నేర్చుకోవచ్చు. జొన్న వచ్చేనాటికే బొగ్గు చాలావరకు కుదుటపడ్డాడు. లేకపోతే ఆ ధైర్యం చేసేవాళ్లం కాదు.

భయం ఎక్కణ్నుంచి వస్తుందో మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. అయినా ఈ ఉత్తరం కొత్తగా కుక్కను తెచ్చుకోబోయే మన తెలుగువాళ్లు కూడా చదువుతారు కాబట్టి రాస్తున్నాను. కుక్కపిల్లకు సుమారు 3 నుంచి 14 వారాల వయసు మధ్య లోకంతో పరిచయం ఏర్పడుతుంది. ఆ రోజుల్లో నెమ్మదిగా, బెదిరిపోకుండా చూసిన మనుషులు, చప్పుళ్లు, నేలలు, వాహనాలు దానికి మామూలు విషయాలైపోతాయి. ఆ వయసులో చూడనివి తరవాత కనబడితే ప్రమాదంలా తోస్తాయి. తల్లి తిండి లేక, దెబ్బలు తిని, బెదురుతూ తిరిగినదైతే ఆ బెదురు కొంత పిల్లల్లోకీ వస్తుంది. కొట్టినవాళ్లు ఉంటేనే కుక్క భయపడుతుందని అనుకుంటారు జనం. జొన్నను ఎవరూ కొట్టలేదు. ఆ రేకుల షెడ్డులో దానికి ఏమీ కనబడలేదు, అంతే. అందుకే, తల్లి ఉండి కూడా నలభై రోజులకే పిల్లల్ని పంచిపెట్టేయడం ఆపాలి. కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో వచ్చిన కేంద్ర నిబంధనలే 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదంటున్నాయి. అమ్మేవాళ్లకున్న ఆ కట్టుబాటు ఊరికే ఇచ్చే మనకు ఉండొద్దా? తల్లి పోయిన పిల్లల సంగతి వేరు, వాటిని ఎవరో ఒకరు సాకాల్సిందే.

భయం ఎప్పుడూ ఒక్క చప్పుడుతో పేలదు. పొద్దున చెత్తబండి పాట, పదింటికి పైఫ్లోర్‌లో డ్రిల్లింగు, మధ్యాహ్నం కుక్కర్ విజిలు, సాయంత్రం తెలియని చుట్టాలు. ఒక్కొక్కటీ ఓర్చుకుంటుంది. పొయ్యి మీద పాలలాగా లోపల్లోపల కాగుతూనే ఉండి, చివరికి చంటిపిల్లాడు తోక ముట్టుకుంటే పొంగిపోతుంది. అందరూ ‘ఉన్నట్టుండి కరిచింది’ అంటారు.

మా బ్లాకులో అలాగే జరిగింది. కడప వైపు కుటుంబం. కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగాలు, ఊరి నుంచి అత్తగారు వచ్చి ఉంటున్నారు. అడాప్షన్ గ్రూపువాళ్లు కొడుకుతో ఇంగ్లిషులో ఫోన్‌లో మాట్లాడి, ఇంటి వీడియో చూసి, కుక్కను ఇచ్చేశారు. పగలంతా దానితో ఉండేది పెద్దావిడ. ఆవిడతో ఒక్కరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ కుక్కకు చేతిలో పొడవాటిది ఏదున్నా భయం: చీపురు, గొడుగు, ఆవిడ చేతికర్ర. మొదట్లో గుర్రుమని హెచ్చరించేది. ట్రైనర్‌ని పిలిపిస్తే ఆయన ‘గుర్రుమన్నప్పుడల్లా గొలుసు బిగించి లాగండి, మీరే పైన అని దానికి తెలియాలి’ అన్నాడు. కొన్నాళ్లకు గుర్రుమనడం మానేసింది. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు, చెప్పే నోరు మాత్రం మూతపడింది. ఒకరోజు పెద్దావిడ అన్నం పళ్లెం తీయడానికి వంగితే ఏ చప్పుడూ లేకుండా చెయ్యి కరిచింది. ఆవిడ వెంటనే సబ్బు పెట్టి కుళాయి కింద పావుగంట కడుక్కున్నారు, ఆస్పత్రికెళ్లి రేబిస్ టీకాలు మొదలుపెట్టించుకున్నారు, ఏ లోపం చెయ్యలేదు. కుక్కను వెనక్కి తీసుకోమని అడిగినందుకు మాత్రం ఆ గ్రూపువాళ్లు వాళ్ల కొడుకు ఫొటో పెట్టి ‘ఇలాంటివాళ్లకు కుక్కను ఇవ్వకండి’ అని పోస్టు పెట్టారు. ఆవిడ నాతో అన్న మాట: ‘నాకు దాని మీద కోపం లేదమ్మా. అదీ నాలాగే కొత్తచోట బెదిరిపోయింది. దానికి కర్రంటే పడదని ఒక్క మాట చెప్పుంటే నేను కర్ర బయటే పెట్టేదాన్ని కదా?’

ఈ మాటకు మనందరం జవాబు చెప్పుకోవాలి.

మన తెలుగు కుటుంబాల్లో కుక్కను తెచ్చేది ఎవరు, దానితో రోజంతా గడిపేది ఎవరు అన్నది ముందు అడగండి. మారతహళ్లి, హూడి, కడుగోడి, బెళ్లందూరు వైపు ఇళ్లలో ఆరు నెలలు అమ్మానాన్నలు, ఆరు నెలలు అత్తమామలు వచ్చి ఉండటం మామూలు. వాళ్లతో తెలుగులో మాట్లాడండి. మడి, ఆచారం ఉన్న ఇల్లయితే కుక్క ఏ గదిలోకి రావచ్చో, ఏ గదిలోకి రాకూడదో వాళ్లనే చెప్పనివ్వండి. ఒక గదికి చిన్న గేటు పెట్టుకుంటే సర్దుకునే సంగతే అది. తరవాత గొడవలయ్యే కంటే ముందే తేల్చుకోవడం నయం. ఇంట్లో మాంసం వండని కుటుంబమైతే కుక్కకు ఏం పెట్టబోతున్నారో అడగండి. రోజూ పెరుగన్నం పెడితే కుక్కకు చాలదు. రెడీమేడ్ తిండి కొంటారా, గుడ్డు పెట్టడానికైనా అభ్యంతరం లేదా, తెలుసుకోండి. బిడ్డ పుట్టబోతోందా, ఆన్‌సైట్‌కి వెళ్లే ఆలోచన ఉందా, అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నట్టు కాగితం ఉందా? ఇవన్నీ ఇబ్బందిపెట్టే ప్రశ్నలే. అయినా అడగాలి.

సంక్రాంతి గురించి విడిగా అడగండి. పండక్కి ఊరెళ్లని తెలుగువాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది? ఊరెళ్లే బస్సుల్లో చాలావాటిలో కుక్కను ఎక్కించుకోరు. రైలైతే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనకే దొరకాలి, లేదంటే బ్రేక్ వ్యాన్‌లోని డాగ్ బాక్సులో వెయ్యాలి. చప్పుళ్లకు బెదిరే కుక్కను ఆ ఇనప పెట్టెలో రాత్రంతా ఉంచడం ఊహించుకోండి. బోర్డింగ్‌లో, అంటే డబ్బు తీసుకుని కుక్కల్ని చూసుకునే చోట వదిలితే కొత్త చోటు, ముప్పై కుక్కల అరుపులు. మేం పండక్కి వంతులవారీగా వెళ్తున్నాం, ఒకళ్లు ఊరికి, ఒకళ్లు ఇక్కడ. అందరికీ ఇది కుదరదు. కుదరనివాళ్లకు ఇలాంటి కుక్కను ఇవ్వకపోవడం వాళ్లను తక్కువ చేసినట్టు కాదు. వాళ్లకు నిబ్బరంగా ఉండే, కాస్త వయసొచ్చిన కుక్కను చూపించండి. బ్రీడర్లు (పిల్లల్ని పెట్టించి అమ్మేవాళ్లు) పనయ్యాక వదిలేసిన లాబ్రడార్లు, ఓనర్లు విదేశాలకెళ్లిపోతే మిగిలిపోయిన ముసలి కుక్కలు మీ దగ్గరే ఉన్నాయి కదా. అందరూ పిల్లల్నే అడుగుతారు. నాలుగేళ్ల కుక్క స్వభావం కళ్లెదుట కనిపిస్తుంది, పిల్ల విషయంలో అంతా ఊహే. ఈ మాట మీరు చెబితే వింటారు.

మీ మీద ఉన్న ఒత్తిడి నాకు తెలుసు. 2023లో అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ లెక్కలో ఈ ఊళ్లో వీధికుక్కలు సుమారు 2.79 లక్షలు. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు స్కూళ్లు, కాలేజీలు, ఆస్పత్రులు, ఆటస్థలాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కల్ని తీసేయాలని, తిరిగి అక్కడే వదలకూడదని ఆదేశించాక మీ ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయని కూడా తెలుసు. ఏళ్ల తరబడి అన్నం పెట్టిన క్యాంపస్ కుక్క ఏమైపోతుందోనన్న ఆత్రంలో ‘రాత్రిలోగా ఇల్లు కావాలి’ అని పోస్టు పెడతారు. ఆ ఆత్రాన్ని నేను తప్పుపట్టను. కానీ రాత్రిలోగా దొరికిన ఇల్లు ఎలాంటిదో చూడకుండా ఇచ్చేస్తే ఆ కుక్కకు దక్కేది ఏమిటి? ఐదేళ్లు ఆరుబయట తిరిగిన కుక్క అన్నిసార్లూ తొమ్మిదో అంతస్తులో ఇమడలేదు. అలాంటిదానికి కాంపౌండు ఉన్న ఇల్లు, ఊరవతల తోట కావాలి. అది దొరికేదాకా ఫోస్టర్, అంటే తాత్కాలికంగా సాకే ఇల్లు కావాలి.

ఇంకో మాట. ప్రేమ ఉన్న ప్రతి మనిషీ కుక్కను ఇంట్లోకి తెచ్చుకోవాల్సిన పని లేదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధికుక్కల్ని సమాజానికి చెందిన జంతువులుగానే చూస్తున్నాయి. వాటికి తిండి పెట్టేందుకు తగిన చోటు, వేళ చూడాల్సిన బాధ్యతను అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల మీదా పెట్టాయి. మీ దగ్గరికొచ్చిన కుర్రాడు పీజీలో ఉంటూ, పన్నెండు గంటలు ఆఫీసులో గడిపేవాడైతే అతన్ని వెనక్కి పంపకండి, కుక్కనూ ఇవ్వకండి. వీధి చివర కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ఏటా రేబిస్ టీకా చేయించే పని అప్పగించండి. సంతోషంగా చేస్తాడు.

కుక్కను ఇచ్చాక మొదటి వారం గురించి కాగితం మీద రాసివ్వండి, నోటిమాటగా చెబితే మరిచిపోతారు. వచ్చిన రోజే స్నానం చేయించొద్దని, చుట్టాల్ని పిలవొద్దని, ఎత్తుకుని ఫొటోలు దిగొద్దని, ఒక మూల దుప్పటి వేసి దాని మానాన దాన్ని వదిలేయమని. కాలర్‌కి ఒకటి, హార్నెస్‌కి (ఛాతీ చుట్టూ కట్టే పట్టీకి) ఒకటి, రెండు లీషులు (పట్టుకుని నడిపించే తాళ్లు) వెయ్యమని. భయపడే కుక్క హార్నెస్‌లోంచి వెనక్కి జారి పరిగెడితే ఔటర్ రింగ్ రోడ్డు మీద దొరకదు. కాలర్‌కి ఫోన్ నంబరు బిళ్ల ఉండాలని. స్వభావం మారినట్టు కనిపిస్తే ముందు వెటర్నరీ డాక్టరుకి చూపించమని, ఎందుకంటే ఈ ఊళ్లో పిడుదులతో వచ్చే టిక్ ఫీవర్, చెవినొప్పి, కీళ్లనొప్పి కూడా కుక్కను చిరాకుగా, బెదురుగా చేస్తాయి. నొప్పిని శిక్షణతో తగ్గించలేం.

మందుల గురించి కూడా సిగ్గుపడకుండా చెప్పండి. బొగ్గుకు డాక్టరు మందు రాసిచ్చినప్పుడు ‘కుక్కకు పిచ్చి మాత్రలా’ అని మా బంధువులే ముక్కున వేలేసుకున్నారు. మనుషులకు వాడే ఫ్లూఆక్సెటిన్‌ని కుక్కల్లో ఒంటరితనపు ఆందోళనకు వాడేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లోనే అనుమతించింది. అది పనిచేయడానికి వారాలు పడుతుంది, పక్కన శిక్షణ కూడా నడవాలి, మోతాదు డాక్టరే చెప్పాలి. మందు వల్ల వాడు మత్తులో పడిపోలేదు. నేర్చుకునేంత నెమ్మది వచ్చింది. ముందు మేం తలుపు దాటి కొన్ని సెకన్లలో తిరిగి రావడం, తరవాత నిమిషం, తరవాత కిందికెళ్లి పాల ప్యాకెట్ తేవడం. ఇవాళ మేం బజారుకెళ్లి వచ్చేసరికి పడుకుని ఉంటాడు. ఇక గొలుసు బిగించి, కరెంటు షాక్ కాలర్లు వేసి ‘పదిహేను రోజుల్లో సరిచేస్తాం’ అనే ట్రైనర్ల నంబర్లు మీ గ్రూపుల్లో పంచకండి. పెద్దావిడ చేతికి పడిన గాట్లు అలాంటి శిక్షణ తెచ్చినవే.

దీపావళికి ముందు నెల రోజులు చప్పుళ్లకు బెదిరే కుక్కల్ని ఏ కొత్త ఇంటికీ పంపకండి. రాత్రి 8 నుంచి 10 వరకే టపాసులన్న సుప్రీంకోర్టు మాట 2018 నుంచీ ఉంది. వారం ముందు నుంచే ఏ వేళలో పేలుతున్నాయో ఈ ఊళ్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. తెలియని ఇంట్లో, తెలియని మనుషుల మధ్య ఆ రాత్రి గడిపిన కుక్క ఆ ఇంటినే భయంగా గుర్తుపెట్టుకుంటుంది. పాత ఇంట్లో ఉన్నవాటికైనా లోపలి గది, కిటికీలకు దుప్పట్లు, ఫ్యాను చప్పుడు, అవసరమైతే డాక్టరు రాసిన మందు ఉండాలి. కదలకుండా పడుకోబెట్టే మత్తుమందు వేరు, భయం తగ్గించే మందు వేరు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి కావవి.

అన్నిటికంటే ముఖ్యంగా, వెనక్కి ఇచ్చేవాళ్లను బజారుకీడ్చకండి. కుక్కను వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరమే. అయితే తొలి తప్పుకు జరిమానా ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలు. ఆ చట్టానికి భయపడి ఎవరూ ఆగరు. మీ దగ్గరికి ధైర్యంగా ఫోన్ చేయగలిగితే ఆగుతారు. ఒక ఇంటివాళ్ల ఫొటో మీరు పోస్టులో పెడితే, దాన్ని చూసిన మరో పది ఇళ్లవాళ్లు మీకు ఫోన్ చెయ్యడం మానేస్తారు. అప్పుడే ఊరి బయట ఏ హొసకోటె దారిలోనో కుక్కను వదిలేయడానికి కారు తలుపు తెరుచుకుంటుంది. ‘ఎప్పుడైనా, ఏ కారణానికైనా మాకే ఇవ్వండి, ఏమీ అనం’ అని ఒప్పందంలో రాయండి. కడప వాళ్ల ఇంటి నుంచి వెనక్కి వెళ్లిన ఆ కుక్క, కర్రలూ పెద్దవాళ్లూ లేని ఓ జంట దగ్గర ఇప్పుడు బాగానే ఉందని విన్నాను. మొదటే అక్కడికి వెళ్లాల్సింది.

‘కొనకండి, దత్తత తీసుకోండి’ అన్న నినాదం నాకూ ఇష్టమే. ఆ మాటతో కొన్నవాళ్లను తిట్టడం మాత్రం మానండి. కొనాలని నిశ్చయించుకున్నవాళ్లు మీ దగ్గరికొస్తే, బ్రీడరుకు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడమని, తల్లి కుక్కను చూపించకపోతే వెనక్కి రమ్మని, ఈ ఊరి ఎండలో మంచు ప్రాంతాల హస్కీని, ముక్కు నొక్కుకుపోయి ఊపిరికి తిప్పలుపడే పగ్‌ని కోరుకోవద్దని చెప్పి పంపండి. మంచిగా మాట్లాడినవాళ్లు రెండో కుక్క కోసం మీ దగ్గరికే వస్తారు.

ఇంత అడిగాను కాబట్టి నా వంతు కూడా చెబుతాను. తెలుగు కుటుంబం కుక్క కోసం వచ్చినప్పుడు వాళ్లింటికి వెళ్లి పెద్దవాళ్లతో తెలుగులో మాట్లాడే పని నాకు ఇవ్వండి, హూడి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు ఎక్కడికైనా వస్తాను. మొదటి వారం కాగితాన్ని తెలుగులో రాసిపెట్టాను, మీ పేరు వేసుకుని వాడుకోండి. బొగ్గు, జొన్న ఉన్న ఇంట్లో మూడో బెదిరే కుక్కను ఉంచడం వాటికి న్యాయం కాదు కాబట్టి ఫోస్టర్‌కి మా ఇల్లు ఇవ్వలేను. మా బావగారి గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు ఇప్పుడు ఖాళీగా ఉంది, లిఫ్టు లేదు, కాంపౌండు గోడ ఉంది. రాత్రిలోగా ఇల్లు కావాల్సిన కుక్క మీ దగ్గర ఉంటే, దాని భయాలన్నీ రాసి ముందు అక్కడికి పంపండి.

ఇట్లు,
బొగ్గు, జొన్నల ఇంటి మనిషి
హూడి, బెంగళూరు